మందు మానేశాను సరే, రాత్రి ఏడు నుంచి పది దాకా ఏం చేయాలి?

వైండింగ్ షాపు, నల్గొండ

అన్నలూ, అక్కలూ, ఈ దారిలో నడిచినవాళ్లు ఎవరన్నా ఉంటే జర చెప్పండి. నాది మోటార్ వైండింగ్ షాపు. బోరు మోటార్లు, కూలర్లు, మిక్సీలు చేస్తాను. దసరా అయ్యాక మందు మానేశాను, ఇప్పుడు ఎండలు ముదురుతున్నాయి. డాక్టరును కలిసే మానేశాను, మొదట్లో టాబ్లెట్లు వాడాను, చేతులు వణకడం, చెమటలు పట్టడం ఎప్పుడో పోయాయి. తాగాలని పీకడం కూడా చాలా తగ్గింది. నా బాధ అది కాదు, పొద్దు పోవట్లేదు.

పగలు ఏం ఇబ్బంది లేదు. యాసంగిలో మోటార్లు కాలడం మామూలే కదా, ఒకాయన బండి వెనక కట్టుకొచ్చి మోటారు దింపుతుంటే ఇంకొకాయన ఫోన్లో "మడి ఎండిపోతుంది, ఇయ్యాల్నే కావాలె" అంటుంటాడు. స్టేటర్లో కాలిన తీగ పీకేసి, స్లాట్లు తుడిచి పేపర్ పెట్టి, చుట్లు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే అన్నం సంగతే గుర్తుండదు. లెక్క తప్పితే మళ్లీ మొదటికే, కాబట్టి మనసు ఎటూ పోదు. షట్టర్ దించినప్పటి నుంచే మొదలవుతుంది అసలు కథ.

ఇదివరకు ఏడింటికి నలుగురం కలిసేవాళ్లం. పర్మిట్ రూములో కూర్చుంటే ఉడకబెట్టిన పల్లీలు, గుడ్లు, ఆ ముచ్చట ఈ ముచ్చట, చూస్తుండగానే పదయ్యేది. ఇప్పుడు ఏడుంపావుకు ఇంట్లో ఉంటున్నాను. పిల్లలు హోంవర్కులో ఉంటారు, ఆమె వంటింట్లోనో సీరియల్ ముందో ఉంటుంది. నేను సోఫాలో కూర్చుంటా, ఫోన్ చూస్తా, గేటు దాకా పోయి వస్తా, ఫ్రిజ్ తెరిచి మూస్తా, అప్పటికి టైమ్ చూస్తే ఏడు నలభై. సొంతింట్లోనే చుట్టపుచూపుగా వచ్చినవాడిలా ఉంది నా పరిస్థితి. ఇక ఆదివారమైతే చెప్పనే వద్దు.

హాబీ పెట్టుకో అని అందరూ అంటారు. ఇరవై ఏళ్లకే మొదలుపెట్టినవాణ్ణి, నాకేం ఇష్టమో నాకే తెలియదు. ఊళ్లో ఉన్నప్పుడు వాలీబాల్ ఆడేవాణ్ణి, అంతే. సినిమాకు పోతే ఇంటర్వెల్‌లో లేచి వచ్చేశాను. క్రికెట్ మ్యాచ్ కూడా చప్పగానే ఉంది. ఇది ఇట్లానే ఉంటుందా, తాగకుండా బతకడమంటే ఇంత చప్పగా బతకడమేనా? నీతులు వద్దు, మీరు చేసి చూసినవి చెప్పండి.

కండక్టర్ సాబ్, పాలమూరు

తమ్ముడూ, నేను ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యాను, మందు మానేసి చాలా ఏళ్లయింది. నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. నీకు బోర్ కొట్టేది రోజంతా కాదు, ఆ మూడు గంటలే. పొద్దుగూకాక అన్నమాట. కాబట్టి జీవితమే చప్పగా అయిపోయిందని అంత దూరం పోకు, ముందు ఆ మూడు గంటల సంగతి చూద్దాం.

సిట్టింగ్‌లో నీకు దొరికింది ఒక్క మందే కాదు. నలుగురు మనుషులు దొరికారు, నోట్లోకి ఉప్పు కారం దొరికింది, మాట్లాడితే వినేవాళ్లు దొరికారు, షాపుకూ ఇంటికీ మధ్య ఒక జాగా దొరికింది. మందు తీసేసేసరికి మిగతావన్నీ దాంతోపాటే పోయాయి. వాటిని విడివిడిగా మళ్లీ తెచ్చుకోవాలి, ఒక్క హాబీతో అన్నీ రావు.

మొట్టమొదట తిండి. షట్టర్ దించకముందే, ఆరున్నరకు, కడుపు నిండా ఏదన్నా తిను. మిర్చి బజ్జీ అయినా సరే, ఉడకబెట్టిన పల్లీలైనా సరే, ఆ పల్లీలు ఏం పాపం చేశాయి? ఖాళీ కడుపుతో ఇంటికి బయలుదేరితే మనసు పాత దారే పడుతుంది. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట, ఈ నాలుగింటిలో ఏది ఎక్కువైనా మనిషి జారతాడని ఆల్కహాలిక్స్ అనానిమస్, అదే మందు మానేవాళ్లు కలిసి కూర్చునే ఏ.ఏ. మీటింగుల్లో పదేపదే చెప్తారు. ఏడింటికి షట్టర్ దించేవాడికి నాలుగూ ఒకేసారి ఉంటాయి. నువ్వు బోర్ అంటున్నదాంట్లో సగం ఆకలి, సగం అలసటే ఉండొచ్చు. స్వీటు మీదికి మనసు పోయినా కంగారు పడకు, చాలామందికి పోతుంది. షుగర్ ఉంటే మాత్రం చూసుకో.

ఆ ఏ.ఏ. సంగతి చెప్తా. అది పుట్టిందే ఇట్లాంటి ఒక ఖాళీ సాయంత్రం. 1935 మే నెల, అమెరికాలో ఏక్రన్ అనే ఊరు. బిల్ విల్సన్ అనే ఆయన న్యూయార్క్ నుంచి వ్యాపారం పని మీద వచ్చాడు, పని చెడింది, చేతిలో డబ్బులు అంతంతే, తెలిసినవాళ్లు లేరు, హోటల్ లాబీలో ఒక్కడే అటూ ఇటూ తిరుగుతున్నాడు. మానేసి అప్పటికి కొన్ని నెలలే. ఒక పక్క బారులోంచి నవ్వులు, ఇంకో పక్క టెలిఫోన్. ఆయన ఫోన్ దగ్గరికి పోయి చర్చిల వాళ్లకు వరసగా చేసి, ఈ ఊళ్లో నాలాంటి తాగుబోతు ఎవరైనా ఉంటే చెప్పండి, మాట్లాడాలి అని అడిగాడు. అట్లా దొరికిన మనిషి డాక్టర్ బాబ్, ఆయన సర్జన్. పావుగంటలో లేచిపోదామని వచ్చినాయన గంటలు గంటలు కూర్చున్నాడు. అదీ సిట్టింగే, మందు లేదంతే. ఏ.ఏ.కి ఫీజు లేదు, హైదరాబాద్‌లో తెలుగు మీటింగులున్నాయి, ఫోన్లోంచి ఆన్‌లైన్‌లోనూ కూర్చోవచ్చు. దేవుడి మాట ఎక్కువ వినిపిస్తుంది, కొందరికి పడదు, నాకూ మొదట్లో పడలేదు, ఆ పూట నలుగురు నాలాంటివాళ్లు కనపడ్డారు చాలు అనుకున్నాను.

నాకు బాగా పనిచేసింది ఏంటో చెప్తా. వాకింగ్ పనిచేయలేదు. వాన పడితే మానేయొచ్చు, మనసు బాగాలేకపోతే మానేయొచ్చు, అడిగేవాడు లేడు. మా కాలనీ పిల్లలు గ్రౌండ్‌లో వాలీబాల్ ఆడేవాళ్లు, బంతి, నెట్టు నా దగ్గర పెట్టండ్రా అన్నాను. అంతే, సాయంత్రం అయ్యేసరికి గేటు దగ్గర "తాతా, బాల్" అని అరుపులు. నేను పోకపోతే ఆట ఆగుతుంది. నీ కోసం ఎవరో ఒకరు ఎదురుచూసే పని పెట్టుకో, అది చిన్నదైనా పర్వాలేదు. నువ్వు వాలీబాల్ ఆడేవాణ్ణని నువ్వే రాశావు చూడు.

జిమ్ భాయ్

అన్నా జిమ్‌లో చేరు. ఆరు నెలల ఫీజు ఒకేసారి కడితే డబ్బులు పోతాయని అయినా పోతావు. సింపుల్.

వైండింగ్ షాపు, నల్గొండ

తమ్మీ, పొద్దంతా సబ్‌మర్సిబుల్ మోటార్లు లేపి దించేవాణ్ణి, మళ్లీ డబ్బులు కట్టి ఇనుము లేపమంటావా 😀 కండక్టర్ అన్నా, ఆకలి మాట నిజమే అనిపిస్తుంది. మధ్యాహ్నం రెండింటికి తింటే మళ్లీ రాత్రి తొమ్మిదికే. మందు ఉన్నప్పుడు ఆ గ్యాప్ తెలిసేది కాదు.

దేవరకొండ దగ్గర

అన్నా, నేను తాగినదాన్ని కాదు, తాగి మానినాయన భార్యను. అవతలి పక్క నుంచి కూడా ఒక మాట విను.

పదింటికి వచ్చే మనిషి ఒక్కసారిగా ఏడింటికే ఇంట్లో కూర్చుంటే మాకు కూడా ఏం తోచదు. ఆ మూడు గంటలు ఏళ్లకేళ్లుగా మావి. పిల్లలు, నేను, మా టీవీ, మా అన్నం. మా ఆయన మానేసిన కొత్తలో రిమోట్ పట్టుకుని ఛానళ్లు తిప్పుతూ, పిల్లల నోటుబుక్కులు తీసి "ఇదేం రాతరా" అంటూ, వంటింట్లోకి వచ్చి గ్యాస్ ఎక్కువ పెట్టావనడం, మా ముగ్గురికీ యాష్టకు వచ్చింది. తాగట్లేదని సంతోషమే, కాని మనిషిని ఎక్కడ పెట్టాలో తెలియదు. పైగా గేటు చప్పుడైతే పిల్లలు ఇంకా ఉలిక్కిపడుతూనే ఉన్నారు, అది ఆయనకు కనిపించేది, ముఖం మాడ్చుకునేవాడు. మానేసినా నన్ను నమ్మరా అని. నమ్మకం క్యాలెండర్ చూసుకుని రాదు కదా.

మా ఇంట్లో ఏం చేశామంటే, కూరగాయలు తరిగే పని ఆయనకిచ్చాను. సాయం చెయ్యమని కాదు, ఆ పని పూర్తిగా ఆయనదే. బెండకాయ ఒక్కోటి తుడిచి, తడి లేకుండా బట్ట మీద ఆరబెట్టి, ఒకే సైజులో తరుగుతాడు, నాకైతే అంత ఓపిక లేదు, మొదట్లో నవ్వొచ్చేది. ముప్పావు గంట పడుతుంది. పడనీ. ఆ టైమ్‌లో నేను స్టవ్ దగ్గర, ఆయన పీట మీద, ఏదో ఒక మాట పడుతుంది. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోమంటే మా ఇద్దరికీ నోరు పెగలదు, చేతుల్లో పని ఉంటే అవే వస్తాయి. నీ చేతులు కూడా సన్నటి పనికి అలవాటైనవి, ఊరికే ఒళ్లో పెట్టుకుంటే ఊరుకుంటాయా?

ఇంకొకటి, మెచ్చుకోవాలని చూడకు. మేము మెచ్చుకోం, అప్పుడే కాదు. అది మా వల్ల కాదు.

వైండింగ్ షాపు, నల్గొండ

అక్కా, రిమోట్ సంగతి మా ఇంటికి వచ్చి చూసినట్టే రాశావు.

వార్డు సిస్టర్

ఒక ప్రభుత్వ ఆసుపత్రి సైకియాట్రీ వార్డులో పనిచేస్తాను. ఆ చప్పదనం గురించి చెప్తాను, ఎందుకంటే దాన్ని తన స్వభావం అనుకుని చాలామంది భయపడతారు.

ఏళ్ల తరబడి రోజూ మందు పడితే మెదడులో సంతోషం, ఉత్సాహం ఇచ్చే ఏర్పాటు మందు లెక్కకు సర్దుకుంటుంది. డోపమైన్ అనే మాట వినే ఉంటారు, అందులో పనిచేసే రసాయనం. మందు ఆపగానే ఆ ఏర్పాటు వెంటనే పాత స్థితికి రాదు. వణుకు, చెమటలు రోజుల్లో తగ్గుతాయి. నిద్ర సరిగ్గా పట్టకపోవడం, చిరాకు, దేనిమీదా మనసు నిలవకపోవడం మాత్రం వారాలు, కొందరికి నెలలు ఉంటాయి. సినిమా చప్పగా ఉండటం సినిమా తప్పూ కాదు, మీ తప్పూ కాదు. మెల్లగా సర్దుకుంటుంది. అందుకని ఇప్పుడే "నాకేం నచ్చదు" అని తీర్పు ఇచ్చేసుకోకండి. నచ్చినా నచ్చకపోయినా ఒక పని టైమ్‌కు చేస్తూ పోతే ఇష్టం తర్వాత వస్తుంది, ముందు ఇష్టం రావాలని కూర్చుంటే రాదు. కౌన్సెలింగ్‌లో మేము చేయించేది కూడా దాదాపు ఇదే.

కాని బోర్‌కూ డిప్రెషన్‌కూ తేడా చూసుకోవాలి. రెండు వారాలు దాటి రోజంతా, పగలు పనిలో కూడా, మనసు కుంగిపోయి ఉండటం, తెల్లవారుజామునే మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టకపోవడం, ఆకలి చచ్చిపోవడం, బతికి ఏం లాభం అనే ఆలోచనలు, ఇవి ఉంటే బోర్ అనుకుని వదిలేయొద్దు. డాక్టరును కలవండి, మందులున్నాయి. రాత్రిపూట ఎవరితోనైనా మాట్లాడాలంటే టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416, 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మత్తు మానడం గురించే అయితే 14446 కూడా ఉంది. మీరు పగలు పనిలో మునిగిపోతున్నానని రాశారు కాబట్టి నాకు అంత భయం లేదు, అయినా చెప్పడం నా పని.

ఇది చదివే ఇంటివాళ్లకు రెండు మాటలు. డైసల్ఫిరామ్ బిళ్లలు, అదే మందు తాగితే పడకుండా చేసేవి, తాగేవాళ్లకు తెలియకుండా చారులో, కూరలో కలిపి పెట్టొద్దు. తెలియక తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది, బిళ్ల ఆపినా రెండు వారాల దాకా దాని ప్రభావం ఉండొచ్చు. రెండోది కల్లు. మన వైపు కల్లే కదా అని తేలిగ్గా తీసుకుంటారు. చెట్టు కల్లు సంగతి వేరు, కల్తీ కల్లులో డైజిపామ్, ఆల్ప్రజోలామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలుపుతారు. 2015లో ఎక్సైజ్ వాళ్ల దాడులు జరిగి ఆ కల్లు ఒక్కసారిగా ఆగినప్పుడు పాలమూరు, నిజామాబాద్ జిల్లాల్లో జనం ఫిట్స్‌తో, పొంతన లేని మాటలతో ఆసుపత్రుల్లో చేరారు. రోజూ ఆ కల్లు తాగేవాళ్లను ఇంట్లో కూర్చోబెట్టి ఒక్కరోజులో మాన్పించకండి, ఆసుపత్రికి తీసుకురండి.

మాస్టారు, సూర్యాపేట

అందరూ ఆ మూడు గంటలు ఎట్లా నింపాలో చెప్తున్నారు. నాకు కొంచెం వేరే మాట ఉంది. నింపడం మీదే పడితే ఏదో ఒకటి వచ్చి దూరుతుంది. నా దోస్తు ఒకడు మందు మానేసి ఫోన్లో రమ్మీ పట్టుకున్నాడు. డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణలో 2017లోనే నిషేధించారు, అయినా ఏవేవో యాప్‌లు దించుకుని ఆడాడు, బండి అమ్ముకునేదాకా పోయింది. మందుకు రోజుకు ఇంత అని ఒక లెక్కన్నా ఉండేది, దీనికి అదీ లేదు. రీల్స్ కూడా అంతే, డబ్బులు పోవు గాని నిద్ర పోతుంది.

నేను చెప్పేది, రోజూ కొంతసేపు ఊరికే ఉండటం నేర్చుకోవాలి. డాబా మీద కూర్చో, ఫోన్ కింద పెట్టి రా. చిరాకు లేస్తుంది, కాళ్లు కదులుతాయి, ఏదో ఒకటి చెయ్యాలనిపిస్తుంది. చెయ్యకు, చూడు. అది పెరుగుతుంది, ఒక దగ్గర ఆగుతుంది, తగ్గుతుంది. ఎక్కువగా అరగంట లోపే. అలన్ మార్లాట్ అనే అమెరికా సైకాలజిస్టు తాగాలనే కోరికను కూడా అణచకుండా, తీర్చకుండా, అట్లా చూస్తూ దాటేయడం నేర్పేవాడు. బోర్ కూడా అదే పద్ధతిలో దాటుతుంది.

కండక్టర్ సాబ్, పాలమూరు

మాస్టారూ, మీ మాట మంచిదే గాని అది కాస్త ముదిరినవాళ్లకు. కొత్తగా మానినవాణ్ణి డాబా మీద ఒక్కణ్ణే కూర్చోబెట్టి చూడు చూడు అంటే వాడికి కనపడేది వైన్స్ బోర్డే. ముందు మనుషుల్లో పడనీయండి.

మాస్టారు, సూర్యాపేట

ఒప్పుకుంటా సార్, మొదటి నెలల్లో కష్టమే. కాని ఈయన దసరా నుంచి నిలబడ్డాడు, మరీ కొత్త కాదు. రోజూ పది నిమిషాలు చాలు, మిగతా టైమ్ మీ వాలీబాల్‌కు ఇచ్చేద్దాం.

పానగల్ రోడ్

నేను కూడా నల్గొండే అన్నా. ఆదివారం సంగతి ఎవరూ చెప్పలేదు, నేను చెప్తా. పొద్దున్నే లేచి పానగల్ వైపు రా. ఉదయ సముద్రం కట్ట మీద నడిచేవాళ్లు ఉంటారు, నడిచి అక్కడి నుంచి ఛాయా సోమేశ్వరాలయానికి పో. ఊరి పక్కనే ఉన్నా మనలో సగంమంది లోపలికి పోయి చూడలేదు. లింగం వెనక గోడ మీద ఒక స్తంభం నీడ పడుతుంది, ఎండ ఎటు తిరిగినా ఆ నీడ జరగదు. ఏ స్తంభం నీడో కనిపెడదామని నేను చెయ్యి అడ్డం పెట్టుకుంటూ మస్తు సేపు తిరిగాను, ఒక్క స్తంభానిది కాదట, చుట్టూ నుంచి వచ్చే వెలుతురుతో పడే నీడ అట. నువ్వు మోటార్లు విప్పేవాడివి, నీ బుర్ర దానికి బాగా పనిచేస్తుంది. ఆదివారం పొద్దున బాగా తిరిగితే మధ్యాహ్నం నిద్ర పడుతుంది, సాయంత్రం ఒక్కటే మిగులుతుంది.

వైండింగ్ షాపు, నల్గొండ

అందరికీ శనార్థి. నాలుగు రోజులుగా ఆరున్నరకు హోటల్లో రెండు ఇడ్లీలు తినే షట్టర్ దించుతున్నాను. తేడా తెలుస్తుంది, గేటు దాకా తిరగడం తగ్గింది. అక్కా, బెండకాయ మా ఆమె ఇవ్వలేదు, ఎల్లిపాయలు ఒలవమంది. అదీ పనే.

ఇంకో సంగతి. మేనమామ కొడుకు పెండ్లి వచ్చే నెల, మిర్యాలగూడ పక్క ఊరు. పోకపోతే మాట వస్తుంది. పెండ్లి కాదు నా భయం, రాత్రి బరాత్‌కు ముందు ఉండే ఖాళీ టైమ్. మామిడితోటలో కుర్చీలు వేసి పొద్దంతా అదే నడుస్తుంది. అక్కడ బోర్ కొడితే ఏం చేయాలి?

కండక్టర్ సాబ్, పాలమూరు

బస్సుకు పోకు, ఎవరి కారూ ఎక్కకు, నీ బండి మీదే పో. లేవాలనిపిస్తే లేచి రావడానికి తాళం చెవి నీ జేబులో ఉండాలి. తలంబ్రాలు పడ్డాక భోజనం చేసి, మామను కలిసి, కట్నం చదివించి బయలుదేరు, బరాత్ దాకా ఉండాలని ఎక్కడా రాసి లేదు. ఎవరన్నా గ్లాసు అందిస్తే "బీపీ గోలీలు వాడుతున్నా" అను. నిజం చెప్తే అక్కడే పంచాయితీ పెడతారు.

దేవరకొండ దగ్గర

ముందే ఏదన్నా పని ఒప్పుకో అన్నా. వడ్డన దగ్గరో, జనరేటర్ దగ్గరో. పెండ్లిలో జనరేటర్ చూసుకునేవాణ్ణి ఎవరూ తోటలోకి పిలవరు, కరెంటు పోతే వాళ్లకే కష్టం.

వైండింగ్ షాపు, నల్గొండ

జనరేటర్ నాకే చెప్తారు అక్కా, ఎట్లాగూ నేనే పట్టుకుపోవాలి. రేపే మామకు ఫోన్ చేస్తా. కండక్టర్ అన్నా, వాలీబాల్ నెట్టు నైలాన్‌ది తీసుకోవాలా, కాటన్‌దా? మా గల్లీ వెనక ప్లాటు ఖాళీగానే ఉంది, ఓనర్‌ను అడిగాను, కంపచెట్లు కొట్టేసుకుంటే ఆడుకోమన్నాడు.

కండక్టర్ సాబ్, పాలమూరు

నైలాన్‌దే తీసుకో, కాటన్‌ది వానకు కుళ్లిపోతుంది. స్తంభాలకు ఇనుప పైపులు కొనకు, బోరు బావుల దగ్గర పాత కేసింగ్ పైపు ముక్కలు పడుంటాయి, నీకు తెలియనివాళ్లు ఎవరున్నారు, అడిగితే ఇస్తారు.